బోర్ల లెక్కకు ఏ చేతి డైరీ?

ఈ సంవాదంలో మామ, అల్లుడు ఇద్దరూ కల్పితులు. వాళ్ళ నోట వచ్చే యంత్రాలు, వాటి గుణదోషాలు, తేదీలు, వానలెక్కలు మాత్రం నిజమైనవే. కాలం 2004 మే నెలాఖరు, రోహిణి కార్తె. వై.ఎస్.రాజశేఖరరెడ్డి 14వ తేదీన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, సేద్యానికి ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం పెట్టి రెండు వారాలు కావస్తోంది. స్థలం అనంతపురంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసు. మామ ఒకప్పుడు లెక్కల పంతులు. రిటైరయ్యాక ఊళ్ళలో వాన, బోర్ల నీటిమట్టం కొలిపించి రాయించే పని చూస్తున్నాడు. అల్లుడు బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్నాడు, సెలవుకు వచ్చాడు. ఊళ్ళు తిరిగే ముగ్గురు కార్యకర్తలకు మూడు చేతియంత్రాలు, అంటే జేబులో పట్టే ఎలక్ట్రానిక్ డైరీలు, కొనాలని సంస్థ అనుకుంది. వాళ్ళు రాసుకొచ్చిన లెక్క ఆఫీసు కంప్యూటరులోకి నేరుగా దిగాలి. ఏది కొనాలన్నదే తగువు.

అల్లుడు: ఎక్కువ ఆలోచన అక్కర్లేదు మామా. హెచ్‌పీ వాళ్ళ ఐపాక్ తీసుకో. రంగుల తెర, అరవై నాలుగు ఎంబీ మెమరీ. లోపల పాకెట్ ఎక్సెల్ ఉంటుంది. నువ్వు ఆఫీసులో పెట్టుకున్న పట్టికే మీ వాళ్ళ చేతిలోకి వస్తుంది. నింపుకొస్తారు, తీగ తగిలిస్తే ఎక్కిపోతుంది.

మామ: ముందు పని ఏందో విను, తర్వాత యంత్రాల పేర్లు చెబుదువు. మన జిల్లాకు ఏడాది సగటు వాన 553 మిల్లీమీటర్లు. దేశంలో ఇంతకన్నా తక్కువ పడేది జైసల్మేరులోనే అని జిల్లా మీద వచ్చే పుస్తకాలన్నీ రాసుకుంటాయి. ఆ పడేదన్నా అంతటా పడతాదా? ఈ ఊర్లో పదునైతే పక్కూర్లో దుమ్ము లేస్తా ఉంటాది. మండలానికొక వానకొలత పెట్టి ఊరి సంగతి చెప్పలేము. అందుకే ఊరూరా పెట్టినాము. జతకు పదైదు దినాలకోసారి గుర్తు పెట్టుకున్న బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉండాయో కొలుస్తాము. తీగ చివర ముల్లు కట్టి దించుతే, నీళ్ళు తగిలినప్పుడు పైన పెట్టె కూత పెడతాది. తీగ మీద గీత చూసి మీటర్లు రాసుకోవాల. ఇంక మోటరు వేసి, డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాల. కరువు జిల్లాలు ఏడింట్లో రైతుల చేతనే ఈ పని చేయిస్తా ఒక పెద్ద పథకం నడుస్తాంది గదా, నంద్యాల బర్డ్స్ సంస్థ వాళ్ళు చూస్తాండేది. మాదీ అట్లాంటిదే, చిన్నది.

అల్లుడు: మరి ఇదంతా ఎక్సెల్‌లో...

మామ: ఆగు. మా పిల్లోడు సోమవారం కళ్యాణదుర్గం బస్సెక్కితే శుక్రవారం గానీ ఆఫీసు మొగం చూడడు. కంబదూరు పక్క, కుందుర్పి పక్క ఊళ్ళల్లోనే పండుకుంటాడు. నీ ఐపాక్ ఒకసారి ఛార్జి పెడితే ఎన్ని దినాలు వస్తాది?

అల్లుడు: పొద్దంతా వాడితే ఒక దినం. రాత్రి ఛార్జి పెట్టుకోవాలి.

మామ: రాత్రి కరెంటు ఉంటే పెట్టుకుంటాడు. లేకపోతే ఆగిపోతాది. ఆగిపోనీ. లోపల రాసింది ఉంటాదా?

అల్లుడు: బ్యాటరీ పూర్తిగా దిగిపోతే మెమరీలో ఉన్నది ఉండదు. అందుకని మెమరీ కార్డు వేసుకొని, సాయంత్రం సాయంత్రం అందులోకి ఒక కాపీ తీసుకుంటే...

మామ: పొద్దన్నుంచి ఎండలో తిరిగి, సంగటి తిని పండుకునే మనిషికి ఆ కాపీ సంగతి గుర్తుంటాదని నువ్వు పూచీ పడతావా?

ఇది ఒక్క కంపెనీ తప్పు కాదని చెప్పాలి. ఆనాటి చేతియంత్రాలన్నీ దాదాపు అంతే. రాసింది ర్యామ్‌లో ఉండేది, ర్యామ్‌కు ఊపిరి బ్యాటరీ. బ్యాటరీ పోయినా లెక్క పోని పద్ధతి పాకెట్ పీసీలకు 2005లో విండోస్ మొబైల్ 5తో వచ్చింది. 2004లో కొనేవాడికి ఆ సంగతి పనికిరాదు.

అల్లుడు: సరే, పామ్ కంపెనీ యంత్రం చూద్దాం. దానిదీ ర్యామే. కాకపోతే చవక రకాల తెరకు రంగుల్లేవు, లోపల చిప్పు నిదానం, అందుకని కరెంటు తక్కువ తాగుతుంది. పాత రకాలకు రెండు సన్న పెన్సిల్ సెల్లు వేస్తే వారాల తరబడి వస్తాయి. కానీ మామా, ఎనిమిది ఎంబీ! కొన్నిటికి రెండే!

మామ: రెండు ఎంబీలంటే ఎన్ని అక్షరాలు?

అల్లుడు: ఇరవై లక్షలనుకో.

మామ: ఊరి నంబరు, బోరు నంబరు, తేదీ, టైము, లోతు, డ్రమ్ము సెకన్లు. అంతా కలిపి నలభై అక్షరాలు దాటదు. ఇరవై లక్షల్లో యాభై వేల కొలతలు పడతాయి. లోపల దాని సొంత సామాను సగం తినిందనుకో, ఇరవై ఐదు వేలు. మా ముగ్గురూ ఉద్యోగం మొత్తం కొలిచినా అన్ని కొలుస్తారా? నాకు అరవై నాలుగు ఎంబీలు అంటగట్టి ఏం చేయమంటావు? పాటలు వినమంటావా?

అల్లుడు: నువ్వు లెక్కల పంతులువని మర్చిపోయినా.

మామ: ఇంకోటి అడుగుతా. మిట్టమధ్యాన్నం బోరు కాడ తెర కనపడతాదా?

అల్లుడు: అక్కడ పామ్ నలుపు తెలుపు తెరదే పైచేయి. వెనక నుంచి దీపం లేని తెర ఎండ ఎంత ఎక్కువుంటే అంత బాగా కనిపిస్తుంది. చీకట్లో మాత్రం ఏమీ కనపడదు.

మామ: మాది పగటి పనే. ఎర్రదుమ్ము?

అల్లుడు: పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి పైనే రాయొచ్చు. ఒత్తిడి తగిలితే చాలు, ఆ తెర పని చేస్తుంది. దానితో వచ్చే పుల్ల పోయినా ఫరవాలేదు. మొద్దుగా ఉండే ఏ పుల్లయినా సరే, గోరయినా సరే.

మామ: నువ్వు ఇంతవరకు చెప్పిన వాటిల్లో పనికొచ్చే మాట ఇదే.

ఇక్కడ అల్లుడు పామ్ పుట్టుక చెప్పుకొచ్చాడు. జెఫ్ హాకిన్స్ అనే ఆయన యంత్రం తయారు కాకముందే దాని కొలతల్లో ఒక చెక్కముక్క కోయించి జేబులో వేసుకొని తిరిగాడు. ఎవరైనా ఫోన్ నంబరు చెబితే ఆ చెక్క తీసి రాస్తున్నట్టు నటించేవాడు. జేబులో పట్టాలి, తీయగానే పనిచేయాలి, మిగతా బరువంతా బల్ల మీద కంప్యూటరు మోయాలి. ఆయన పట్టుబట్టింది ఈ మూడింటి మీదే. 1996 మార్చిలో పైలట్ పేరుతో వచ్చిన తొలి రకంలో మెమరీ 128 కిలోబైట్లు. దాన్ని ఒక చిన్న తొట్టెలో నిలబెట్టి ఒకే ఒక మీట నొక్కితే రెండు వైపులా లెక్క సరిపోయేది. అంతకు మూడేళ్ళ ముందు ఆపిల్ తెచ్చిన న్యూటన్ తానే కంప్యూటరును అనుకుంది, జేబులో పట్టలేదు, నిలవలేదు. మామకు ఈ కథ ఎంత నచ్చిందంటే, అల్లుడు చెప్పి తప్పు చేశాననుకున్నాడు.

మామ: చూడు, ఆయనకే తెలిసింది. చేతిలోది లెక్కల సంచి. కంప్యూటరు వేరే ఉండాది.

అల్లుడు: అట్లని ఊరికే సంచి కొంటే ఎట్లా? నీకు పామ్ అంత నచ్చితే తెలుగు సంగతి చెప్పు. దాని మీద రాయాలంటే గ్రాఫిటీ అని ఒక రాత నేర్చుకోవాలి. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో గీత. తెలుగు రాదు. మీ వాళ్ళు ఊరి పేరు ఇంగ్లీషులో గీసుకుంటూ కూర్చుంటారా? అంతకన్నా మన బెంగళూరులోనే పుట్టిన సింప్యూటర్ ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు విజయ్ చంద్రు, స్వామి మనోహర్ వాళ్ళు, ఎన్‌కోర్ కంపెనీ వాళ్ళు కలిసి చేసిన పని. చదువు రాని మనిషికి కూడా పనికిరావాలని మన భాషలు పైకి చదివి వినిపించే ఏర్పాటు చేశారు. లోపల లినక్సు. స్మార్ట్ కార్డు పెట్టే సందు ఉంది. ఊరికొక కార్డు ఇచ్చేయ్. యంత్రం ఒకటే, కార్డు మారిస్తే ఊరు మారుతుంది. 2001లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళ ఆదివారం పత్రిక దీన్ని ఆకాశానికెత్తింది. ఈ మార్చిలోనే భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తయారుచేసి అమిడా పేరుతో అమ్మకానికి పెట్టారు. చేత్తో విదిలిస్తే పేజీ తిరుగుతుంది!

మామ: విదిలిస్తే తిరగడం ఏంటికి మాకు? ధర చెప్పు.

అల్లుడు: పదివేలకు కొంచెం తక్కువ నుంచి రంగుల తెరదైతే ఇరవై వేల దాకా.

మామ: మొదట్లో తొమ్మిది వేలకే వస్తాదని పేపర్లల్లో చదివినట్టు గుర్తు. సరేలే. మార్చిలో పుట్టిన యంత్రాన్ని మేలో కొని, జూన్‌లో కుందుర్పికి పంపి, చెడిపోతే జులైలో ఎవరికి చూపియ్యాల?

అల్లుడు: బెంగళూరు దగ్గరేగా. ఐపాక్ చెడిపోతే అమెరికా పోతావా?

మామ: అది న్యాయమే.

అల్లుడు: మనవాళ్ళు మన ఊళ్ళ కోసమని చేసిన దాన్ని మనమే కొనకపోతే ఎవరు కొంటారు మామా? కరువు జిల్లాలో లెక్క రాసే సంస్థ కూడా విదేశీ డైరీ కొంటే ఇంక సింప్యూటర్ ఎవరి కోసం?

మామ: చందా అడుగుతాండావా, యంత్రం అమ్ముతాండావా? చందా అయితే నా జేబులోంచి ఇస్తా. సంస్థ డబ్బు రైతుల బోర్ల లెక్కకు వచ్చింది. అయినా అది చదివి వినిపించేది ఎవరికి? మా కార్యకర్తలకు చదువొచ్చు. చదువు రాని రైతుకు లెక్క తెలియాలంటే యంత్రం నోరు తెరవాల్సిన పని లేదు. ఊర్లో గోడ మీద రాస్తాము. ఈ బోర్లో పోయిన పక్షం ఇంత, ఈ పక్షం ఇంత అని. రచ్చకట్ట కాడ అందరూ చూస్తారు, పోట్లాడుకుంటారు. ఇట్ల ఒకరి చెవిలో చెప్పే లెక్కతో ఏ ఊరూ వేరుశనగ మానుకొని కొర్రలు వేయదు.

అల్లుడు వెంటనే బదులు చెప్పలేదు. నన్నడిగితే సింప్యూటర్ వైపు ఇంకా చెప్పాల్సింది ఉంది. ఊరికొక కార్డు అన్న ఆలోచన మామ తోసేసినంత తేలికది కాదు. ఆ ఆలోచనే వేరే రూపంలో ఈ జిల్లాకు తిరిగొచ్చింది, ఆ సంగతి చివర చెబుతాను. అల్లుడు మాత్రం తోవ మార్చాడు.

అల్లుడు: అయితే యంత్రమే ఎందుకు మామా? గోడ ఉంది, రిజిష్టరు ఉంది. నలభై రూపాయల పుస్తకం చాలు గదా?

మామ: నేనూ అదే అన్నా. ఆఫీసులో పిల్లోళ్ళు వినలేదు. ఊర్ల నుంచి వచ్చిన కాగితాలు చూసి కంప్యూటర్లో కొట్టేటప్పుడు తప్పులొస్తాండాయని వాళ్ళ గోల. ఒకసారి రాసింది ఇంకోసారి రాయడమెందుకు, అక్కడే ఎక్కించుకొస్తే పోతాది గదా అని.

అల్లుడు: అసలు మాట అది కాదు. రెండుసార్లు రాయడం తప్పించుకోవడం చిన్న లాభం. బోరు దగ్గరుండగానే తప్పు పట్టుకోవడం పెద్ద లాభం. ఒక బోర్లో పోయినసారి నీళ్ళు 42 మీటర్ల లోతున ఉన్నాయి. ఈసారి మీవాడు తొందర్లో 24 అని రాసుకున్నాడు. కాగితం ఊరుకుంటుంది. నువ్వు శుక్రవారం చూస్తావు. అప్పటికి వాడు ఇక్కడ, బోరు కుందుర్పిలో. ఆ పక్షం లెక్క పోయినట్టే. అదే యంత్రంలో పాత లెక్క ఉంటే, 24 అని కొట్టగానే 'పోయినసారి 42' అని అడుగుతుంది. వాడు ఇంకోసారి తీగ దించుతాడు.

మామ: పెద్దవాన పడి వంక పారితే నిజంగానే పైకొస్తాది. యంత్రం కాదంటే?

అల్లుడు: కాదనకూడదు. అడగాలి అంతే. 'మళ్ళీ కొలిచినా, నిజమే' అని వాడొక మీట నొక్కితే తీసుకోవాలి. ఆ మీట నొక్కినట్టు ఆఫీసులో నీకు కనిపించాలి.

మామ: మోటరు ఆపి ఎంతసేపయిందో కూడా అడగాల. నీళ్ళు తోడతా ఉన్న బోర్లో తీగ దించితే ఆ లోతు వేరే, ఆపి కొన్ని గంటలు కుదురుకున్నాక ఉండే లోతు వేరే. కాగితంలో ఆ గడి పెట్టినాము. సగం మంది ఖాళీగా వదిలేస్తారు.

అల్లుడు: అది నింపనిదే ముందుకు పోనివ్వకుండా పెట్టొచ్చు. పైగా కొట్టిన టైము యంత్రమే వేసుకుంటుంది. చెట్టు కింద కూర్చొని పది బోర్ల లెక్క ఒకేసారి రాసినా దొరికిపోతారు.

మామ: మా పిల్లోళ్ళు అట్లాంటోళ్ళు కాదు.

అల్లుడు: నేను కాదనలేదు.

మామ: అన్నావు. (కాసేపాగి) ఒకడున్నాడులే.

వాదన మొత్తంలో మామ వెనక్కి తగ్గింది ఇక్కడే. నా లెక్కలో కూడా చేతియంత్రానికి కాగితం మీద ఉన్న అసలైన పైచేయి ఇదే. తక్కిన పనులన్నీ దాదాపు రిజిష్టరు కూడా చేయగలదు. అప్పట్లో కరెంటు బిల్లు కొట్టేవాడి చేతిలో యంత్రం చేసిన పనీ ఇదే. పొద్దున ఆఫీసు కంప్యూటరు నుంచి పాత రీడింగులు దింపుకొని ఇళ్ళకు బయల్దేరేవాడు. అవి లేకపోతే ఆ పెట్టె ఒక లెక్కల మిషనే.

మామ: అయితే ఆ అడిగే తెలివి ఏ యంత్రంలో ఉండాది?

అల్లుడు: ఏ యంత్రంలోనూ లేదు. దానికి ప్రోగ్రాం వేరే వేయాలి. పామ్‌కైతే పెండ్రాగన్ ఫార్మ్స్ అని ఒకటుంది. ఆఫీసు కంప్యూటర్లో ఫారం తయారు చేస్తావు. ఏ గడి తప్పక నింపాలి, ఏ అంకె దాటితే అడగాలి అన్నీ అక్కడే రాస్తావు. తొట్టెలో పెట్టగానే ఫారం చేతిలోకి దిగుతుంది, నింపినవి యాక్సెస్ డేటాబేసులోకి ఎక్కుతాయి. హ్యాన్‌డిబేస్ అని ఇంకోటి, అది చవక, కాస్త మొరటు. ఊరి పేర్లు గీసుకునే బాధ కూడా ఉండదు. జాబితాలోంచి ఎంచుకుంటారు, అంకెలు మాత్రం కొడతారు.

మామ: అంటే నువ్వు ఇంతసేపూ యంత్రాల కాగితాలు చూపించింది దండగ. కొనాల్సింది ఈ ప్రోగ్రాం. అది ఏ యంత్రం మీద ఆడితే ఆ యంత్రం.

అల్లుడు: నువ్వు పని చెప్పకుండా డైరీ తెమ్మన్నావు.

మామ: మొదటే చెప్పినా, నువ్వు ఐపాక్ అంటివి.

ఇక్కడ ఇద్దరూ కాఫీ తెప్పించుకున్నారు. తర్వాతి మాటలు చప్పగా ఉన్నా, యంత్రం కొనేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

అల్లుడు: ఆఫీసు కంప్యూటరు వెనక చూసినావా? యూఎస్‌బీ సాకెట్టు ఉందా, పాత సీరియల్ సాకెట్టేనా?

మామ: విండోస్ 98 ఉండాది. చిన్న పలకల సందులు రెండు ఉండాయి.

అల్లుడు: అవి యూఎస్‌బీ. బతికినాం. విండోస్ 95 అయితే యూఎస్‌బీ తొట్టె కొన్నా వృథా అయ్యేది. ఇంకోటి. మూడు యంత్రాలకూ మూడు వేరే పేర్లు పెట్టాలి. ఒకే పేరు పెడితే కంప్యూటరు మూడింటినీ ఒకే మనిషి డైరీ అనుకొని ఒకదాని మీద ఒకటి కలిపేస్తుంది. చాలామంది పెట్టెలోంచి తీసిన రోజే ఈ తప్పు చేస్తారు.

మామ: సెల్లు మార్చేటప్పుడు లెక్క పోతాదా?

అల్లుడు: ఒక నిమిషం దాకా ఆగుతుంది. పాతవి తీసి వెంటనే కొత్తవి వేయాలి. ఎట్లాగో పోయిందే అనుకో, తొట్టెలో పెట్టి సింక్ చేస్తే, పోయినసారి ఆఫీసులో ఎక్కించినంత వరకు మళ్ళా దిగుతుంది. పోయేది ఈ వారంది మాత్రమే.

మామ: ఈ వారంది కాగితం మీద కూడా ఉంటాది.

అల్లుడు: అంటే కాగితం ఆపవా?

మామ: నల్గొండలో ఏఎన్‌ఎంలకు చేతి కంప్యూటర్లు ఇచ్చి చూసినారని విన్నాంలే. ఆ అమ్మలకు పాత రిజిష్టర్ల బరువు తగ్గిందా లేదా కనుక్కో, అప్పుడు చెబుతా. నేను రిజిష్టర్లు పెట్టను. బోరు రైతు ఇంట్లో ఒక చిన్న పుస్తకం ఉంటాది. దాంట్లో ఒక గీత రాసి సంతకం పెట్టి రావాల. అది రైతు లెక్క, మాది కాదు. మనం పోయినా ఆ పుస్తకం ఊర్లో ఉండాల.

అల్లుడు: సరే, ఏ పామ్? ఇప్పుడు అంగట్లో కొత్తగా ఉండేది జైర్ 21. ఎనిమిది ఎంబీ, తేలిక, చవక. గ్యారంటీ ఉంటుంది. బ్యాటరీ లోపలే ఉంటుంది, ఛార్జి పెట్టుకోవాలి. కానీ తెరకు దీపం లేదు కాబట్టి ఒకసారి పెడితే నీ సోమవారం నుంచి శుక్రవారం దాటి వస్తుంది.

మామ: ఆ లోపలి బ్యాటరీ రెండేళ్ళకు మొండికేస్తే?

అల్లుడు: విప్పించాలి. సులభం కాదు.

మామ: సెల్లు వేసే రకం?

అల్లుడు: ఎం125 అని 2001లో వచ్చింది. రెండు సన్న సెల్లు, యూఎస్‌బీ తొట్టె, కార్డు సందు కూడా ఉంది, కాపీ పెట్టుకోవచ్చు. కానీ ఇప్పుడు చేయడం లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో వెతికితే పాత సరుకు దొరకొచ్చు. గ్యారంటీ ఉండదు. హ్యాండ్‌స్ప్రింగ్ వాళ్ళ వైజర్ కూడా సెల్ల మీదే ఆడుతుంది. ఆ కంపెనీ పోయినేడే పామ్‌లో కలిసిపోయింది.

మామ: సెల్లు కంబదూరు కిరాణా అంగట్లో దొరుకుతాయి. గ్యారంటీ కాగితం కంబదూరులో ఏం పనిచేస్తాది?

అల్లుడు: ఒకటి చెడిపోతే?

మామ: మూడు కాదు, నాలుగు కొందాం. నాలుగోది బీరువాలో.

అల్లుడు: చేయడం ఆగిపోయిన యంత్రాన్ని నాలుగు కొనమని నేను ఏ ఆఫీసుకూ చెప్పను. కొన్నాళ్ళకు విండోస్ మారుతుంది, తొట్టెను గుర్తుపట్టదు. నీ సెల్లు ఆడుతూనే ఉంటాయి, లెక్క బయటికి రాదు.

మామ: లెక్క బయటికి రాకముందే గోడ మీదికి వచ్చి ఉంటాది.

అల్లుడు: ప్రతిదానికీ గోడ చూపిస్తే నేనేం మాట్లాడను? పదేళ్ళ లెక్క ఒకచోట పెట్టి చూస్తే ఏ ఊర్లో బోర్లు ఎప్పుడు ఎండుతాయో ముందే తెలుస్తుంది. గోడ మీద పోయిన పక్షమే ఉంటుంది, సున్నం కొడితే అదీ పోతుంది. ఉచిత కరెంటు వచ్చింది, ఇంక బోర్లు ఎన్ని లేస్తాయో చూడు. అప్పుడు నీకు పదేళ్ళ లెక్కే కావాలి.

మామ: ఉచిత కరెంటొచ్చినా, రాకపోయినా ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వచ్చేది 4,000 లీటర్ల పైచిలుకే. పడేదాన్ని పెంచలేము. తోడేదాన్ని తగ్గించాలంటే ఊరోళ్ళు కూడబలుక్కోవాల. దానికి పదేళ్ళ లెక్క కావాల, నిజమే. అది కంప్యూటర్లో ఉండాల, అదీ నిజమే. చేతిలో ఉండాల్సిన పని లేదు.

అల్లుడు: ఇంకో రెండేళ్ళు ఆగితే ఇదంతా సెల్‌ఫోన్‌లోకే వస్తుంది. నోకియా 1100 చూడు, ఇప్పటికే పల్లెల్లో టార్చిలైటుకు అదే.

మామ: రెండేళ్ళు ఆగితే మృగశిర ఆగుతాదా? రాబోయే కార్తెకు లెక్క కావాల.

వాళ్ళ బేరం తెగలేదు. అల్లుడు జైర్ 21 దగ్గర, మామ ఎం125 దగ్గర ఆగిపోయారు. ఫారంలో ఏ గడులు ఉండాలన్న దాని మీద మాత్రం ఇద్దరికీ తేడా రాలేదు. మోటరు ఆపిన టైము గడి నింపనిదే ముందుకు పోకూడదన్నది వాళ్ళు రాసుకున్న మొదటి షరతు.

ఆ తర్వాత జరిగింది మనకు తెలుసు కాబట్టి రెండు ముక్కలు. పామ్‌ను 2010లో హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు కొని, మరుసటేడు ఆగస్టులో ఆ యంత్రాల తయారీ ఆపేసింది. సింప్యూటర్ అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. చేతియంత్రం అనంతపురం పల్లెల్లోకి వచ్చింది గానీ డైరీగా రాలేదు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కొన్నేళ్ళకు కూలి డబ్బు పంచడానికి స్మార్ట్ కార్డు, వేలిముద్ర చూసే చేతియంత్రం వచ్చాయి. అల్లుడు చెప్పిన కార్డు ఇదే, ఊరికి బదులు మనిషికొకటి. రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల్లో ఈ పద్ధతిని పరీక్షించిన ఆర్థికవేత్తలు అనంతపురాన్నీ అందులో చేర్చారు. కూలి త్వరగా అందిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని వాళ్ళు తేల్చిన ఫలితం 2016లో అచ్చయింది. చేతిలో యంత్రం ఉన్నవాడు ఊరికి వచ్చి డబ్బు ఇచ్చి పోయాడు.

యంత్రం విషయంలో నా ఓటు మామకే. సెల్లు మార్చుకునే రకం, ఎండలో కనపడే తెర, కొనేది పాత సరుకైనా సరే. ఫారం విషయంలో ఓటు అల్లుడికే. బోరు దగ్గరే తప్పు అడగలేని యంత్రం పదివేలు కాదు, పది రూపాయలు కూడా చేయదు.

ఒక మనవి. ఆ రోజుల్లో ఇలాంటి డైరీ వాడినవాళ్ళు ఇంకా ఉంటారు. బీరువాలో పడున్న పామ్‌లో సెల్లు వేసి చూడకండి, అందులో ఏమీ మిగిలుండదు. దానితో జతకట్టిన పాత కంప్యూటరు ఎక్కడుందో వెతకండి. అందులో పామ్ ఫోల్డరు లోపల వాడినవాళ్ళ పేరుతోనే ఒక ఫోల్డరు ఉంటుంది. ఆ కంప్యూటరును పాతసామాన్ల బండికి వేసేముందు ఆ ఫోల్డరు కాపీ తీసి పెట్టండి.